130 దాటితే బీపీ మాత్ర మొదలెట్టాల్సిందేనా, 140 దాకా ఆగొచ్చా?

తణుకు_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మా నాన్నకి 57, రైస్ మిల్లులో గుమస్తా, షుగర్ లేదు, గుండె జబ్బు లేదు. పోయిన నెల మోకాళ్ళ నొప్పులని ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడ పనిలో పనిగా బీపీ చూశారు, 138/88. ఆ డాక్టర్ గారు టెల్మిసార్టాన్ 40 రాసేసి రోజూ పొద్దున్న ఒకటి అన్నారు, ఎన్నాళ్ళు వాడాలండీ అంటే నవ్వి ఊరుకున్నారు. నాన్నకి ఆ నవ్వే నచ్చలేదు. రాజమండ్రిలో మావయ్యకి తెలిసిన ఇంకో డాక్టర్ దగ్గరికెళ్తే ఆయనేమో "138కి మాత్రేంటండీ, 140 దాటాక చూద్దాం, ముందు ఉప్పు తగ్గించండి" అని పంపేశారు. ఇద్దరూ ఎండీలే. ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు, అమ్మ మాత్ర పార్టీ, నాన్న ఉప్పు పార్టీ (అలాగని ఉప్పు తగ్గించిందేం లేదు, ఆవకాయ జాడీ ఆయన కంచం పక్కనే ఉంటుంది). నెట్లో చూస్తే అమెరికా వాళ్ళు 130 అంటున్నారు మిగతా వాళ్ళు 140 అంటున్నారు. స్ట్రిప్ కొన్నాం గానీ ఇంకా చింపలేదు. ఏది కరెక్టో తెలిసినవాళ్ళు చెప్పండి, తిట్టుకోకుండా.

ఓరుగల్లు_మందులషాపు:
తమ్మీ, గోలి షురూ చేపియ్యి, ఏం కాదు. నేను 19 ఏండ్ల సంది మందుల షాపు నడుపుతున్న, బీపీ గోలి వేసుకుని ఖరాబైనోడిని చూడలే, వేసుకోక ఖరాబైనోళ్ళను మస్తు చూసిన. మా షాపుకి ఒకాయన వస్తుండె, ఆటో నడిపేటోడు, 45 ఏండ్లు కూడ ఉండవు. రెండు నెలలు మంచిగ గోలీలు తీస్కపోయిండు, తర్వాత కనపడలే. దారిల కలిస్తే ఏందన్నా గోలీలు ఐపోలేదా అంటే "చూపిచ్చుకున్న, నార్మల్ వచ్చింది, బంద్ చేసిన" అన్నడు. అరే గోలి వేస్కుంటున్నవ్ కాబట్టే నార్మల్ వచ్చింది కదనే అని చెప్పిన, తలకాయ ఊపి పోయిండు. సంవత్సరం తిరగకముందే వాళ్ళ కొడుకు వచ్చి పక్షవాతం మందుల చీటీ పెట్టిండు కౌంటర్ మీద. కుడి చెయ్యి పోయింది, ఇగ ఆటో ఏం నడుపుతడు. 130 ఆ 140 ఆ అని మీరు చర్చ పెట్టుకోండి గాని బీపీ అనేది మనిషికి తెల్వకుండ లోపల పని చేసుకుంట పోతది.

లెక్కల_మాస్టారు:
మందుల షాపు ఆయన మందులు వేసుకోమనక ఏమంటారు లెండి, కోప్పడకండి సరదాకన్నాను. నాకు 71, రిటైరై పదమూడేళ్ళు. ఈ 130 కథేంటో నేను చెప్తా వినండి. 2017 నవంబర్ దాకా అమెరికాలో కూడా 140/90 దాటితేనే బీపీ. ఆ నెలలో వాళ్ళ గుండె డాక్టర్ల సంఘాలు గీత చెరిపేసి 130/80 దగ్గర మళ్ళీ గీశాయి. అప్పటిదాకా వాళ్ళ పెద్దవాళ్ళలో 32 శాతం మందికి బీపీ ఉంటే ఆ గీత మారేసరికి 46 శాతం అయింది. అంటే కోట్ల మంది రాత్రి ఆరోగ్యవంతులుగా పడుకుని తెల్లారేసరికి రోగులై లేచారన్నమాట, ఎవరి రక్తమూ మారలేదు, పాస్ మార్కులు మారాయి. నా సర్వీసులో 35 పాస్ మార్కుని 40 చేస్తే ఎంత మంది ఫెయిలవుతారో నాకు బాగా తెలుసు. పైగా నాకు స్వానుభవం ఉంది. నా బీపీ 138 దగ్గర హాయిగా ఉండేది, ఒక మాత్ర వేసుకునేవాణ్ణి. మా డాక్టరు కొత్త లెక్కల ప్రకారం 130 లోపు ఉండాలని రెండో మాత్ర కలిపారు. మొన్న మార్చిలో రాత్రి బాత్రూంకి లేచి కళ్ళు తిరిగి పడ్డాను, నుదుటి మీద నాలుగు కుట్లు. 138తో నేనెప్పుడూ పళ్ళేదు మరి.

ప్లానో_పద్మ:
మాస్టారూ మీ దెబ్బ సంగతి విని బాధేసింది. కానీ గీత ఊరికే మార్చలేదండీ. 2015లో స్ప్రింట్ అని పెద్ద స్టడీ వచ్చింది, 50 ఏళ్ళు దాటిన 9,361 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకి పై బీపీ 140 లోపు, ఇంకో జట్టుకి 120 లోపు ఉండేలా మందులిచ్చారు. 120 జట్టులో గుండెపోట్లు, పక్షవాతాలు, హార్ట్ ఫెయిల్యూర్ లాంటివన్నీ కలిపి పావు వంతు తగ్గాయి, చావులు ఇంకా కాస్త ఎక్కువే తగ్గాయి, అందుకే స్టడీని మధ్యలోనే ఆపేశారు, తేడా అంత స్పష్టంగా ఉందని. కళ్ళు తిరిగి పడిపోవడం, కిడ్నీ మీద దెబ్బ లాంటివి కూడా ఆ జట్టులోనే ఎక్కువయ్యాయి, అది నేను దాచట్లేదు.

ఇంకో మాట, అమెరికాలో 130 దాటితే అందరికీ మాత్ర రాసేస్తారనుకుంటున్నారు కదా, నేను ఉండేది ఇక్కడే, డాలస్ పక్కన. నాకు 44, రెండేళ్ళ కిందట 132/82 వచ్చింది. మా డాక్టర్ మాత్ర రాయలేదు. వయసు, కొలెస్ట్రాల్, షుగర్, సిగరెట్ అన్నీ కంప్యూటర్లో కొట్టి వచ్చే పదేళ్ళలో గుండెకి ముప్పు ఎంత ఉందో చూసి నీకు తక్కువే, ఇంట్లో మెషీన్ కొనుక్కో, నడువు, కొన్ని నెలలు చూద్దాం అంది. నడిచాను, తగ్గింది, మళ్ళీ ఇండియా వచ్చి మూడు వారాలు పెళ్ళి భోజనాలు చేసి వెళ్తే పెరిగింది, అది వేరే కథ.

పీజీ_డ్యూటీ:
జనరల్ మెడిసిన్ పీజీ రెండో ఏడు, నైట్ డ్యూటీలో ఉండి రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి. పద్మ గారు చెప్పింది అసలు పాయింట్. జబ్బు పేరు పెట్టే గీత వేరు, మాత్ర రాసే గీత వేరు. 2017 అమెరికా మార్గదర్శకాల పుస్తకంలో కూడా 130 నుంచి 139 మధ్య వాళ్ళకి, ముందే గుండె జబ్బో పక్షవాతమో వచ్చి ఉంటేనో, పదేళ్ళ ముప్పు ఎక్కువుంటేనో తప్ప మందు రాయమని లేదు. 2025లో కొత్తది వచ్చింది, అందులో ఇంకో మెట్టు ఎక్కారు, ముప్పు తక్కువున్నవాళ్ళకి కూడా మూడు నుంచి ఆరు నెలలు తిండీ నడకా మార్చి చూసి అప్పటికీ 130/80 కిందకి రాకపోతే మందు మొదలెట్టమన్నారు. యూరప్ వాళ్ళు 2024లో కూడా జబ్బు పేరు 140/90కే ఉంచారు కానీ 120 నుంచి 139 మధ్యని "పెరిగిన బీపీ" అని పేరు పెట్టి, వాళ్ళలో ముప్పు ఎక్కువున్నవాళ్ళకి 130 దాటితే మందు ఇమ్మన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 140/90, గుండె జబ్బున్నవాళ్ళకి 130. అంటే పైకి కొట్టుకుంటున్నట్టు కనపడతారు గానీ దగ్గరికెళ్ళి చూస్తే అందరూ ఒకే వీధిలో ఉన్నారు.

మన దగ్గర ప్రభుత్వ కార్యక్రమాల్లో ఐతే 140/90 లెక్కే. 2017 చివర్లో ఐసీఎంఆర్ (దేశంలో వైద్య పరిశోధన చూసే సంస్థ) వాళ్ళూ ఆరోగ్య శాఖ వాళ్ళూ కలిసి బీపీ కంట్రోల్ కార్యక్రమం మొదలెట్టిన మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. బీపీ ఉందని తెలీనివాళ్ళూ, తెలిసినా మందు వాడనివాళ్ళూ మన దగ్గర కుప్పలు కుప్పలు, 160, 180తో తిరుగుతున్నవాళ్ళని ముందు పట్టుకోవాలి, 132 వాళ్ళ గురించి కొట్టుకునే తీరిక పీహెచ్‌సీకి లేదు. నా వార్డులో ఈ రాత్రి ఇద్దరున్నారు పక్షవాతంతో, ఇద్దరూ 200 దాటి వచ్చినవాళ్ళే, ఇద్దరి ఇళ్ళలోనూ సగం వాడి వదిలేసిన స్ట్రిప్పులు దొరికాయి.

ఇక తణుకు తమ్ముడికి. ముందు ఆ 138 నిజంగా 138 ఏనా? మీ నాన్నగారు మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి వెళ్ళుంటారు, స్టూలు మీద వీపుకి ఆనిక లేకుండా కూర్చోబెట్టి, చెయ్యి వేలాడేసి, ఏమండీ నొప్పి ఎప్పటి నుంచి అని మాట్లాడిస్తూ పట్టీ కట్టుంటారు. ఇవి ఒక్కొక్కటీ అంకెని నాలుగైదు పాయింట్లు, ఒక్కోసారి పది కూడా పైకి లాగుతాయి. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఇంకా ఎక్కువ చూపిస్తుంది. స్ప్రింట్ స్టడీలో ఎలా చూశారంటే ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి మెషీన్ దానంతటదే మూడు సార్లు చూసి సగటు తీసేది, చాలా చోట్ల గదిలో నర్సు కూడా ఉండేది కాదు. ఆ పద్ధతిలో వచ్చిన 120ని, మన ఓపీలో వంద మంది తోసుకుంటుంటే పది సెకన్లలో చూసిన 120నీ ఒకటే అనుకోవడమే ఈ గొడవకి సగం కారణం.

సైంధవ_లవణం:
అసలు ఇంగ్లీషు మందు జోలికెందుకు వెళ్ళడం? మెత్తటి ఉప్పు మానేసి సైంధవ లవణం వాడండి, పరగడుపున రెండు వెల్లుల్లి రెబ్బలు, అర్జున బెరడు కషాయం, 40 రోజుల్లో బీపీ అనే మాటే ఉండదు. మా పెదనాన్న 82 ఏళ్ళు బతికారు ఒక్క మాత్ర వేసుకోకుండా.

ఓరుగల్లు_మందులషాపు:
@సైంధవ_లవణం మీ పెదనాన్నకు బీపీ ఉండెనా మరి? ఎన్నడన్న చూపిచ్చిర్రా?

సైంధవ_లవణం:
చూపించుకోవాల్సిన అవసరం రాలేదు.

పీజీ_డ్యూటీ:
:) అన్నా, సైంధవ లవణం కూడా ఇంచుమించు మొత్తం సోడియం క్లోరైడే, రంగు మాత్రమే గులాబీ. బీపీ పెంచేది సోడియం, దానికి రంగుతో పని లేదు. పైగా మామూలు పాకెట్ ఉప్పులో అయోడిన్ కలుపుతారు, ఇందులో చాలావాటిల్లో ఉండదు. మూలికలకి నేను వ్యతిరేకిని కాను, సర్పగంధ సంగతి తెలుసా, బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో దాని మీద రాసిన పేపర్ చూశాకే ప్రపంచమంతా అటు తిరిగింది, దాని వేరు నుంచే రిసర్పిన్ అనే బీపీ మందు తీశారు. అది బీపీ నిజంగానే తగ్గించేది, మనిషిని దిగులుగా మందకొడిగా చేస్తోందని కూడా తర్వాత గమనించారు. వేరు ఐనా బిళ్ళ ఐనా డోసూ, పక్క ప్రభావమూ, రెండూ ఉంటాయి.

లెక్కల_మాస్టారు:
ఉప్పు మాట వచ్చింది కాబట్టి తణుకు అబ్బాయి ఇంట్లో జాడీ లెక్క నేను కట్టి చూపిస్తా. మా ఇంట్లో ఈ ఏడు పెట్టిన ఆవకాయ కొలత: కిలో ముక్కలకి 150 గ్రాముల కారం, 150 ఆవపిండి, 200 ఉప్పు, 300 నూనె. మొత్తం 1800, అందులో ఉప్పు సరిగ్గా తొమ్మిదో వంతు. నిన్న మధ్యాహ్నం నేను అన్నంలో వేసుకునే ముక్కనీ దాంతో వచ్చిన పిండినీ మా కోడలి కేకుల తూకం మీద పెట్టాను, ఆవిడ చూసి నవ్వుకుంది, 27 గ్రాములు తూగింది. అంటే 3 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి ఇచ్చిన కోటా 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు. ఇంకా పప్పులో ఉప్పు, కూరలో ఉప్పు, పులుసులో ఉప్పు, మజ్జిగలో ఉప్పు, నంజుకోడానికి చల్ల మిరపకాయ, అప్పడం. మొదటి ముద్దకే అరవై శాతం బడ్జెట్ ఐపోయింది చూశారా. మాత్ర గురించి నాతో వాదించొచ్చు గానీ ఈ లెక్కతో వాదించలేరు. నేను మాత్రం ముక్క సగం చేశాను, పూర్తిగా మానలేదు, మానను కూడా, 71 ఏళ్ళకి ఆవకాయ లేకుండా బతికి ఏం సాధించాలి.

ప్లానో_పద్మ:
ఈ ఫోరంలో ఇప్పటిదాకా చదివినవాటిల్లో బెస్ట్ పోస్ట్ ఇది మాస్టారూ. మా అమ్మకి ఫార్వర్డ్ చేశా, తిట్టింది.

రాత్రి_షిఫ్ట్:
నాదో డౌట్. నాకు 31, గచ్చిబౌలిలో జాబ్, యూఎస్ టైమింగ్స్. కంపెనీ హెల్త్ చెకప్‌లో 124/78, సూపర్ అన్నారు. ఫ్రెండ్ మెషీన్ కొన్నాడని సరదాగా షిఫ్ట్ మధ్యలో చూసుకుంటే 148/94, ఇంకో రోజు 151. చెకప్ వాళ్ళు తప్పా మెషీన్ తప్పా?

పీజీ_డ్యూటీ:
రెండూ కరెక్ట్ కావచ్చు. ఆస్పత్రిలో ఎక్కువ, ఇంట్లో మామూలు ఐతే తెల్లకోటు బీపీ అంటాం. నీది దానికి ఉల్టా, డాక్టర్ ముందు బుద్ధిగా ఉండి బయట పెరిగే రకం, దీన్నే దాక్కున్న బీపీ అంటారు, ఇదే ఎక్కువ మోసం చేసేది, ఎందుకంటే రిపోర్టు చూసి అందరూ సూపర్ అంటారు. కాకపోతే షిఫ్ట్ మధ్యలో రెండో కాఫీ తాగి చూసుకున్నావా? కాఫీ, టీ, సిగరెట్ తర్వాత అరగంట ఆగి చూడాలి. సరిగ్గా చూసినా అలాగే వస్తే 24 గంటల మెషీన్ కట్టించుకో, అది నిద్రలో కూడా చూసుకుంటుంది. 31కే 150 నిజమని తేలితే కిడ్నీ, థైరాయిడ్, గురక కూడా చూపించాలి, వయసులో ఉన్నాలే అని వదలొద్దు.

ఉద్దానం_అల్లుడు:
మా అత్తగారిది కవిటి దగ్గర. ఆ పక్క కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే, అసలు కారణం ఇప్పటికీ పూర్తిగా తేల్లేదు, కాబట్టి నేను దాని మీద కథలు చెప్పను. మా బావమరిది విషయం ఒకటే చెప్తా. కొబ్బరి తోటలో పని, నడుం నొప్పి, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి బిళ్ళలు, రోజుకి రెండు చొప్పున ఏళ్ళ తరబడి. బీపీ ఎక్కువుందని తెలిశాక బీపీ బిళ్ళ కూడా దాని పైనే వేసుకున్నాడు. క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష, ఎవరూ చూడలేదు. చూసేసరికి 4.6. ఇప్పుడు డయాలిసిస్ దగ్గరపడింది. నొప్పి బిళ్ళలు బీపీ పెంచుతాయని, కిడ్నీని కొడతాయని, ఆ టెల్మిసార్టాన్ లాంటి మందుతో కలిస్తే ఇంకా కొడతాయని పెద్దాస్పత్రిలో చెప్పేదాకా మా ఎవరికీ తెలీదు. తణుకు బ్రో, మీ నాన్నని మోకాళ్ళకే కదా తీసుకెళ్ళావు, ఆయన నొప్పికి ఏం వేసుకుంటున్నారో ఇక్కడ ఇంతమందిలో ఒక్కరు కూడా అడగలేదేంటి?

పీజీ_డ్యూటీ:
అడగాల్సింది నేను. తప్పే. తమ్ముడూ చూసి చెప్పు.

తణుకు_కుర్రోడు:
ఇప్పుడే నాన్న చొక్కా జేబు, మిల్లు సంచీ రెండూ వెతికా. డైక్లోఫినాక్ స్ట్రిప్ ఉంది, సగం ఐపోయింది. అడిగితే "రోజూ ఏం కాదురా, నొప్పున్న రోజే" అన్నారు. నొప్పి లేని రోజు ఎప్పుడు నాన్నా అంటే మాట్లాడలేదు. నాలుగు నెలల నుంచట. మిల్లు పక్కన షాపులో చీటీ లేకుండానే ఇస్తారట. ఇంకోటి కూడా చెప్పేస్తా, మొదట్లో రాయలేదు సిగ్గేసి, రోజుకి రెండు చుట్టలు.

ఓరుగల్లు_మందులషాపు:
నిజం చెప్తున్న, నేను కూడ అమ్మిన. "అన్నా నొప్పులకు ఒక షీట్ ఇయ్యి" అంటే ఇచ్చిన, బీపీ ఉన్నదా అని అడగలే. ఇయ్యాల్టి సంది అడుగుత. ఐతే గోలి విషయంల నా మాట అదే, ఊకె ఆపుడు షురూ చేసుడు పెట్టుకోవద్దు.

లెక్కల_మాస్టారు:
మీరు ఒప్పుకున్న తీరు నచ్చిందండీ. నేను మొదట్లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

పీజీ_డ్యూటీ:
తమ్ముడూ, ఇలా చెయ్యి. ఆ నొప్పి బిళ్ళ గురించి ముందు రాజమండ్రి డాక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పు, క్రియాటినిన్, పొటాషియం, యూరిన్‌లో ప్రోటీన్, షుగర్, కొలెస్ట్రాల్ ఒకసారి చేయించు, ఈసీజీ కూడా. నొప్పికి పారాసిటమాల్, పైన రాసుకునే జెల్, తొడ కండరానికి ఎక్సర్‌సైజులు, వీటిల్లో ఏది సరిపోద్దో ఆయన్నే అడుగు. ఈలోగా చేతికి కట్టే మెషీన్ కొను, మణికట్టుది వద్దు, నాన్నగారి చెయ్యి చుట్టుకొలత టేపుతో చూసి దానికి సరిపడే పట్టీ తీసుకో. పొద్దున్న టిఫిన్‌కి ముందు, బాత్రూంకి వెళ్ళొచ్చాక, కుర్చీలో వీపు ఆన్చి, కాళ్ళు నేల మీద, కాలు మీద కాలు వద్దు, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో, ఐదు నిమిషాలు టీవీ కూడా లేకుండా, నిమిషం తేడాతో రెండు సార్లు. సాయంత్రం మళ్ళీ రెండు. ఏడు రోజులు రాయి, మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తియ్యి. ఇంట్లో 135/85 అంటే ఆస్పత్రిలో 140/90 కింద లెక్క, ఇది గుర్తుపెట్టుకో. ఒకసారి ఎక్కువొచ్చిందని పది సార్లు చూడొద్దు, చూసే కొద్దీ కంగారుకి పెరుగుద్ది.

ప్లానో_పద్మ:
డాక్టర్ గారూ, ఇక్కడ పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు దొరుకుతుంది, ఇండియాలో కూడా చూశాను. వీళ్ళ నాన్నగారికి అది పెడితే?

పీజీ_డ్యూటీ:
మంచిదే కానీ ఈయనకి ఇప్పుడే కాదు. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద చూశారు, మూడు పాళ్ళు మామూలు ఉప్పు, ఒక పాలు పొటాషియం క్లోరైడ్ కలిపి ఇస్తే పక్షవాతాలు 14 శాతం తగ్గాయి, 2021లో వచ్చింది. కానీ కిడ్నీ బాగోకపోయినా, టెల్మిసార్టాన్ లాంటివి వాడుతున్నా ఒంట్లో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పొచ్చు. రక్త పరీక్ష వచ్చాక డాక్టర్నే అడగాలి. ఉద్దానం వైపు ఇళ్ళకి ఐతే ఎవరూ ఊరికే సలహా ఇవ్వకండి దయచేసి.

మాస్టారూ, మీ గురించి కూడా ఒక మాట. మీరు 130 వల్ల పడ్డారనుకుంటున్నారు. నిలబడ్డప్పుడు బీపీ ఎప్పుడైనా చూశారా? ఐదు నిమిషాలు కూర్చుని ఒకటి, లేచి నిలబడి ఒక నిమిషానికి ఒకటి, మూడో నిమిషానికి ఇంకోటి చూసి రాయండి. పక్కన మనిషి ఉండాలి. మీరు రాత్రి వేసుకునే మందులన్నీ కూడా రాయండి, బీపీవే కాదు, అన్నీ.

లెక్కల_మాస్టారు:
కూర్చుంటే 126/74. లేచాక నిమిషానికి 102/66. మూడో నిమిషం 104/66. మా కోడలు పక్కనే ఉంది. రాత్రి మాత్రలంటే ఆ రెండో బీపీ మాత్ర, ఇంకా ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ అని ఒకటి, అది వేరే డాక్టరు, ఫిబ్రవరి నుంచి వేసుకుంటున్నా. అది యూరిన్‌కి కదా, బీపీ డాక్టరుకి చెప్పాల్సిన పనేముందని చెప్పలేదు.

పీజీ_డ్యూటీ:
ఫిబ్రవరిలో మొదలు, మార్చిలో పడ్డారు. లేచి నిలబడితే 20 పాయింట్లు పడితేనే మేం కంగారు పడతాం, మీకు 24 పడుతోంది. ఆ ప్రోస్టేట్ మాత్ర కూడా కొందరిలో లేచినప్పుడు బీపీని దించుతుంది. మీ అంతట మీరు ఏదీ ఆపకండి, రేపే ఇద్దరి చీటీలూ పట్టుకుని బీపీ డాక్టర్ దగ్గరికెళ్ళండి. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని లేవండి. గీత 130 ఐనా 140 ఐనా, మీ వయసులో నిలబడి చూడకుండా రెండో మాత్ర కలపడం నాకైతే నచ్చదు, ఈ ఒక్క విషయంలో నేను మీ పార్టీయే.

తణుకు_కుర్రోడు:
అందరికీ అప్‌డేట్. పరీక్షలు చేయించాం, క్రియాటినిన్ 1.0, యూరిన్ బాగానే ఉంది, షుగర్ లేదు, కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువ. డైక్లోఫినాక్ ఆపించారు. ఆపక ముందే ఒక వారం ఇంట్లో చూశాం డాక్టర్ గారు చెప్పినట్టే, సగటు 132/83 వచ్చింది. సరిగ్గా మధ్యలో! నాన్న ఏమో 135 లోపే కదా నేను గెలిచా అంటారు, అమ్మ 130 దాటింది కదా నేను గెలిచా అంటుంది. రాజమండ్రి డాక్టర్ గారు చెప్పిందేంటంటే చుట్టా కొలెస్ట్రాలూ లేకపోతే ఈ 132ని అసలు పట్టించుకునేవాణ్ణి కాదు, చుట్ట మానకపోతే మాత్ర రాస్తా, మూడు నెలలు టైమిస్తున్నా అన్నారు.

ఉద్దానం_అల్లుడు:
క్రియాటినిన్ 1.0 అని చదివి ఊపిరి పీల్చుకున్నా బ్రో.

ఓరుగల్లు_మందులషాపు:
మూడు నెలలు మంచిగ రాసుకో, మధ్యల 150 గిట్ల వస్తే మూడు నెలల దాక ఆగకు.

రాత్రి_షిఫ్ట్:
గోలి పొద్దున్న వేసుకోవాలా రాత్రి వేసుకోవాలా? నాక్కూడా రాశారు మొత్తానికి, 24 గంటల మెషీన్లో దొరికిపోయా.

పీజీ_డ్యూటీ:
ఎప్పుడైనా ఒకటే, మర్చిపోని టైం చూసుకో. బ్రిటన్‌లో 21 వేల మంది మీద చూసి 2022లో తేల్చారు, తేడా లేదు. నీకు షిఫ్ట్ కాబట్టి నిద్ర లేవగానే అని పెట్టుకో, గడియారంతో పని లేకుండా.

లెక్కల_మాస్టారు:
నా రెండో బీపీ మాత్ర తీసేశారు, ప్రోస్టేట్ మాత్ర మార్చారు. ఇప్పుడు కూర్చుంటే 134, నిలబడితే 126. రెండు చీటీలూ ఒకే కవర్లో పెట్టుకుని తిరుగుతున్నా. 130 మీద నా అభిప్రాయం మారలేదు గానీ నేను పడింది దాని ఒక్కదాని వల్లే కాదని ఒప్పుకుంటున్నా.

తణుకు_కుర్రోడు:
నొప్పి బిళ్ళ ఆపిన మూడు వారాలకి నాన్న సగటు 127/79. చుట్టలు రెండు నుంచి ఒకటికి వచ్చాయి, అదీ మిల్లులోనే, ఇంట్లో కాదు. జాడీ ఇప్పుడు నాన్న పక్క నుంచి తీసేసి అమ్మ పక్కన పెట్టాం.

లెక్కల_మాస్టారు:
బాగుంది. మరి మీ అమ్మగారి బీపీ ఎవరైనా చూశారా?

తణుకు_కుర్రోడు:
చూళ్ళేదండి. ఇప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. సాయంత్రం చూస్తా.

తణుకు_కుర్రోడు:
148/92. రెండోసారి 150/92. కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోమంటే కూర్చోదు, పొయ్యి మీద పాలున్నాయి అంటుంది. రేపు పొద్దున్న పాలు కాచకముందే పట్టుకుంటా.